ఇంటి నెట్‌వర్క్‌లో కంటైనర్లు, వర్చువల్ మెషిన్లు: అనుసంధాన పద్ధతులు

ఒక కంప్యూటర్‌లో పది కంప్యూటర్లు కాపురముండటం ఇప్పుడు ఇళ్లలోనూ మామూలైంది. టీవీ పక్కనో మెట్ల కిందో పెట్టిన చిన్న పెట్టెలో లినక్స్ నడుస్తుంటుంది. దాని మీద కేవీఎం సాయంతో ఒకటి రెండు వర్చువల్ మెషిన్లు, డాకర్ సాయంతో పదో పన్నెండో కంటైనర్లు ఉంటాయి. ఒకదాంట్లో లైట్లూ స్విచ్చులూ చూసుకునే హోమ్ అసిస్టెంట్, ఇంకోదాంట్లో సినిమాలు అందించే జెల్లీఫిన్, మరోదాంట్లో ప్రకటనలను అడ్డుకునే పై-హోల్. అన్నీ ఒకే డబ్బాలో ఉన్నా, నెట్‌వర్క్ లెక్కలో ఆ పెట్టె (దాన్నే హోస్ట్ అంటారు), వర్చువల్ మెషిన్లు, కంటైనర్లు మూడు వేర్వేరు ఊళ్లలో ఉన్నట్టే. ఇంటి రౌటర్ పంచే చిరునామాలు సాధారణంగా 192.168.1.0/24 వంటి వరుసలోవి. కేవీఎం మెషిన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ వాటికి అలవాటుగా ఇచ్చేవి 192.168.122.0/24 వరుసలోవి. డాకర్ కంటైనర్లకు వచ్చేవి 172.17.0.0/16 వరుసలోవి. ఏ అమరికా మార్చకుండా వదిలేస్తే అన్నిటికీ ఇంటర్నెట్ అందుతుంది. హాల్లో ఉన్న ఫోను మాత్రం కంటైనర్‌ను నేరుగా చేరలేదు, పక్కనే ఉన్న వర్చువల్ మెషిన్ కూడా చేరలేదు. వీటిని కలపడానికి ఉన్న దారులు ప్రధానంగా మూడు: చిరునామా మార్పిడి, బ్రిడ్జి, రూటింగ్. చిరునామా మార్పిడిని నెట్‌వర్క్ పనివాళ్లు నాట్ అంటారు. మూడింటితోనూ పని జరుగుతుంది కాబట్టి ఏది వాడినా ఒకటే అన్న అభిప్రాయం వ్యాపించింది. అది సరైంది కాదని ఈ వ్యాసం వాదన. ఈ అమరికల్లో వచ్చే చిక్కులు చాలావరకు ప్యాకెట్ వెళ్లే దారిలో పుట్టవు, జవాబు తిరిగొచ్చే దారిలో పుడతాయి. నాట్ ఆ తిరుగు దారిని బాగుచేయదు, కనిపించకుండా దాస్తుంది. కాబట్టి దాన్ని ఇంటి గడప దగ్గర ఒక్కచోట ఉంచి, లోపల వర్చువల్ మెషిన్లకు బ్రిడ్జి, కంటైనర్లకు రూటింగ్ వాడటం మేలు.

ఇంటిపేరు, తిరుగు దారి

ఐపీ చిరునామా నిర్మాణం తెలుగువాళ్ల పేరులాగే ఉంటుంది: ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. 192.168.1.50/24 అన్నప్పుడు మొదటి 24 బిట్లు ఇంటిపేరు, చివరి 8 బిట్లు ఆ ఇంట్లో ఒకరి పేరు. ఇంటిపేరు ఒకటే అయిన రెండు యంత్రాలు మధ్యవర్తి అవసరం లేకుండా మాట్లాడుకుంటాయి. ఫలానా చిరునామా ఎవరిదని ఒకటి అందరికీ వినబడేలా అడుగుతుంది, నాదేనని రెండోది తన నెట్‌వర్క్ కార్డుకున్న మ్యాక్ చిరునామాతో జవాబిస్తుంది. 1982 నవంబరులో డేవిడ్ ప్లమర్ రాసిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 826లోని ఏఆర్‌పీ చేసే పని ఇదే. ఇంటిపేరు వేరైనప్పుడు ఇలా కేకవేసి లాభం లేదు, ప్యాకెట్‌ను గేట్‌వేకి అప్పగించాలి. గేట్‌వే అంటే ఇళ్లలో రౌటరే. అది తన పట్టికలో ఆ ఇంటిపేరు వెతుకుతుంది. దొరికితే ఆ వైపు పంపుతుంది, దొరకకపోతే తనకున్న డిఫాల్ట్ దారిలోకి, అంటే ఇంటర్నెట్ ప్రొవైడర్ వైపు నెట్టేస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నాట్ లేదనుకుని, 172.17.0.2 చిరునామా ఉన్న కంటైనర్ నుంచి 192.168.1.50 చిరునామా ఉన్న ల్యాప్‌టాప్‌కు ఒక ప్యాకెట్ బయలుదేరిందనుకుందాం. హోస్ట్ యంత్రానికి రెండు నెట్‌వర్క్‌లలోనూ కాలుంది కాబట్టి, ప్యాకెట్లను దాటించే ఐపీ ఫార్వర్డింగ్ ఆన్‌లో ఉంటే చాలు, అది ల్యాప్‌టాప్‌ను చేరిపోతుంది. ల్యాప్‌టాప్ జవాబు రాస్తుంది. ఆ జవాబు మీద ఉన్న ఇంటిపేరు తనకు తెలియదు కాబట్టి రౌటర్‌కు ఇస్తుంది. రౌటర్‌కూ తెలియదు. అది దాన్ని బయటికి తోసేస్తుంది లేదా పారేస్తుంది. కంటైనర్ దగ్గర కూర్చున్న మనిషికి కనిపించేది మాత్రం జవాబు రాకపోవడం ఒక్కటే. దాన్నిబట్టి ప్యాకెట్ వెళ్లలేదని అనుకుంటాడు, వెళ్లే దారిలో తప్పు వెతుకుతాడు. టీసీపీడంప్ వంటి సాధనంతో ల్యాప్‌టాప్ వైపు చూస్తే ప్రశ్న వచ్చినట్టు, జవాబు బయలుదేరినట్టు స్పష్టంగా కనబడుతుంది. కంటైనర్ల నెట్‌వర్క్ సమస్యల్లో ఎక్కువభాగాన్ని ఈ ఒక్క పరిశీలనతో విడదీయవచ్చు. ప్రశ్న చేరిందా? జవాబు ఏ దారి పట్టింది? ఈ రెండిటినీ విడివిడిగా అడగాలి.

కేరాఫ్ పద్ధతి

నాట్ ఈ లోటును తెలివిగా కప్పేస్తుంది. ప్యాకెట్ బయటికి వెళ్లేటప్పుడు హోస్ట్ దాని మీద పంపినవారి చిరునామా కొట్టేసి తన చిరునామా రాస్తుంది. ఎవరిది ఏ పోర్ట్ నుంచి వెళ్లిందో చిట్టాలో రాసుకుంటుంది. జవాబు తన పేరుమీదే వస్తుంది కాబట్టి చిట్టా చూసి లోపలివారికి అందిస్తుంది. సొంత చిరునామా లేనివాళ్లు తెలిసినవాళ్ల కేరాఫ్‌తో ఉత్తరాలు నడపడం లాంటిదే ఇది. దాని పరిమితి కూడా కేరాఫ్ పరిమితే: లోపలివాళ్లు ముందు రాస్తే జవాబు అందుతుంది, బయటివాళ్లు ముందుగా రాయాలంటే లోపల ఎవరున్నారో వాళ్లకు తెలియదు. అందుకే డాకర్‌లో పోర్ట్ పబ్లిష్ చేయాల్సి వస్తుంది. హోస్ట్‌కు 8096వ పోర్ట్‌లో వచ్చిందంతా జెల్లీఫిన్‌ కంటైనర్‌కు ఇవ్వమని ముందే చెప్పి ఉంచడమన్నమాట.

ఈ ఉపాయం ఇంటి లోపలి పనికోసం పుట్టింది కాదు. ఐపీవీ4 చిరునామా పొడవు 32 బిట్లు కాబట్టి మొత్తం దాదాపు 430 కోట్లకు మించవు. అవి చాలవని 1990ల మొదట్లోనే తేలిపోయింది. 1994 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1631, శాశ్వత పరిష్కారం సిద్ధమయ్యేదాకా గడుపుకోవడానికే నాట్‌ను ప్రతిపాదించింది. 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 మూడు చిరునామా వరుసలను ఎవరైనా తమ ఆవరణలో వాడుకోవచ్చని వదిలేసింది: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. రెవెన్యూ భాషలో చెప్పాలంటే ఇవి పోరంబోకు నంబర్లు. అందరూ వాడుకోవచ్చు, ఎవరికీ పట్టా లేదు. పట్టా లేని భూమిలో హద్దుల తగాదాలు ఎలా వస్తాయో వీటిలోనూ అలాగే వస్తాయి, ఆ సంగతి తర్వాత.

వర్చువల్ మెషిన్ల సాఫ్ట్‌వేర్ ఈ నాట్‌నే అలవాటుగా తీసుకుంది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ 1999లో వచ్చింది. ఆ కుటుంబంలో స్థిరపడిన బ్రిడ్జ్‌డ్, నాట్, హోస్ట్-ఓన్లీ అనే మూడు మాటలు ఇప్పటికీ చెలామణిలో ఉన్నాయి. వర్చువల్‌బాక్స్‌లో ఏ మార్పూ చేయకుండా తెరిచిన ప్రతి మెషిన్‌కూ 10.0.2.15 చిరునామా రావడం దానితో పని చేసినవాళ్లందరికీ తెలిసిన సంగతి. దీనికి మంచి కారణమే ఉంది. సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్లకు మీ రౌటర్ ఏదో, మీరు వైఫై మీద ఉన్నారో తీగ మీద ఉన్నారో, ఆఫీసు నెట్‌వర్క్‌లో కొత్త పరికరాలను అనుమతిస్తారో లేదో తెలియదు. నాట్ ఎక్కడైనా, ఎవరి అనుమతీ అడగకుండా పనిచేస్తుంది. ప్రయాణంలో ఉండే ల్యాప్‌టాప్‌కు అది సరైన ఎంపికే. ఎప్పుడూ ఒకే చోట, ఒకే రౌటర్‌కు తగిలించి ఉండే ఇంటి సర్వర్‌కు మాత్రం ఆ కారణాల్లో ఒక్కటీ వర్తించదు. అలవాటు మాత్రం అక్కడికీ వచ్చేసింది.

అలవాటు పొరలు పొరలుగా పేరుకుంటుంది. విండోస్ మీదో మ్యాక్ మీదో డాకర్ డెస్క్‌టాప్ వాడినప్పుడు కంటైనర్ నిజానికి ఒక దాచిన లినక్స్ వర్చువల్ మెషిన్‌లో ఉంటుంది. కంటైనర్ నుంచి ఆ మెషిన్‌కు ఒక మార్పిడి, మెషిన్ నుంచి ల్యాప్‌టాప్‌కు ఇంకొకటి, ఇంటి రౌటర్ దగ్గర మూడోది. ప్రొవైడర్ అందరికీ విడివిడిగా పబ్లిక్ చిరునామా ఇవ్వకపోతే వాళ్ల దగ్గర నాలుగోది. ఈ నాలుగో పొర కోసమే 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ద్వారా 100.64.0.0/10 వరుసను కేటాయించారు. నాలుగు కేరాఫ్‌లు దాటి వచ్చిన ఉత్తరం ఎవరు రాశారో చివరివాడికి తెలియదు. పై-హోల్‌ను ఇలాంటి డెస్క్‌టాప్ అమరికలో నడిపితే, ఏ పరికరం ఏ పేరు అడిగిందో చూపించాల్సిన పట్టికలో అన్ని ప్రశ్నలూ ఒకే చిరునామా నుంచి వచ్చినట్టు కనబడతాయి. పిల్లల ట్యాబ్‌కు ఒక నియమం, పెద్దల ఫోన్‌కు ఒక నియమం పెట్టాలనుకున్నవాళ్లకు అక్కడితో దారి మూసుకుపోతుంది.

బ్రిడ్జి: వర్చువల్ మెషిన్‌ను ఇంటి మనిషిని చేయడం

బ్రిడ్జి అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన స్విచ్. హోస్ట్‌లోని నిజమైన ఈథర్‌నెట్ కార్డును దానికి ఒక పోర్ట్‌గా, వర్చువల్ మెషిన్ల ట్యాప్ అనే వర్చువల్ పరికరాలను మిగతా పోర్ట్‌లుగా తగిలిస్తారు. ఏ మ్యాక్ చిరునామా ఏ పోర్ట్ వైపు ఉందో అది గమనించి గుర్తుంచుకుంటుంది. లినక్స్‌లో ఆ గుర్తు అలవాటుగా 300 సెకన్లు ఉంటుంది. దీంతో చిరునామా ఇమ్మని వర్చువల్ మెషిన్ అడిగే డీహెచ్‌సీపీ ప్రశ్న నేరుగా ఇంటి రౌటర్‌కే చేరుతుంది, ఇంటి నెట్‌వర్క్ ఇంటిపేరున్న చిరునామాయే దానికి వస్తుంది. రౌటర్ పరికరాల జాబితాలో అది ఫోన్ల పక్కన, టీవీ పక్కన కనబడుతుంది. మ్యాక్ చిరునామా 52:54:00తో మొదలైతే కేవీఎం మెషిన్ అనీ, 08:00:27తో మొదలైతే వర్చువల్‌బాక్స్‌ది అనీ గుర్తుపట్టవచ్చు. తిరుగు దారి అన్న ప్రశ్నే ఇక్కడ లేదు, ఎందుకంటే ఇంటిపేరు ఒకటే. ప్రాక్స్‌మాక్స్ వంటి సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే ఒక బ్రిడ్జిని తయారు చేసి పెడుతుంది. తీగ మీద స్థిరంగా ఉండే యంత్రాలకు ఇదే సహజమని అనుభవజ్ఞులు ఎంచుకున్నారనడానికి అది నిదర్శనం.

బ్రిడ్జి కట్టేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. కార్డును బ్రిడ్జికి తగిలించాక హోస్ట్ ఐపీ చిరునామా కార్డు మీద ఉండకూడదు, బ్రిడ్జి మీదికి మారాలి. కార్డు అప్పటినుంచి స్విచ్‌లో ఒక పోర్ట్ మాత్రమే. పోర్ట్‌కు చిరునామా ఉండదు. చిరునామాను కార్డు మీదే వదిలేసినవాళ్లకు కనెక్షన్ తెగిపోతుంది. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో ఈ పని చేస్తున్నవాళ్లు కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టవుతుంది. రెండో చిక్కు స్పానింగ్ ట్రీ. వలయాలు రాకుండా కాపాడటానికి రాడియా పెర్ల్‌మన్ 1985లో తయారు చేసిన పద్ధతి అది. దాన్ని ఆన్ చేస్తే కొత్త పోర్ట్ వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి మరో 15 సెకన్లు తీసుకుంటుంది. అప్పుడే లేచిన వర్చువల్ మెషిన్ డీహెచ్‌సీపీ అడిగి అడిగి విసిగి మానేయడానికి ఆ అర నిమిషం చాలు. ఒకే తీగతో రౌటర్‌కు కలిసిన ఇంటి బ్రిడ్జిలో వలయం వచ్చే వీలు దాదాపు లేదు, కాబట్టి ఆ ఆలస్యాన్ని సున్నా చేయవచ్చు.

వైఫై మీద మాత్రం బ్రిడ్జి మామూలుగా పనిచేయదు. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, వైఫై ఫ్రేమ్ నిర్మాణంలోనే ఉంది. సాధారణ వైఫై పరికరం యాక్సెస్ పాయింట్‌కు పంపే ఫ్రేమ్‌లో మూడు చిరునామాలకే చోటుంటుంది. ఫ్రేమ్ పంపుతున్న రేడియో, ఫ్రేమ్ అసలు యజమాని ఒకరేనని ఆ అమరిక భావిస్తుంది. వెనక ఇంకో మెషిన్ ఉందని చెప్పాలంటే నాలుగో చిరునామా కావాలి, దానికి రెండు వైపులా ప్రత్యేక మద్దతు ఉండాలి. అందుకే వైఫై మీద ఉన్న ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్‌కు నాట్ తప్ప సులభమైన దారి లేదు. ఇంటి సర్వర్‌కు ఒక ఈథర్‌నెట్ తీగ లాగడం మీద పెట్టే ఖర్చు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అమరికల్లో పడే తంటాలకంటే ఎప్పుడూ తక్కువే.

కంటైనర్ యంత్రం కాదు

వర్చువల్ మెషిన్‌కు సొంత కెర్నెల్ ఉంటుంది, సొంత నెట్‌వర్క్ కార్డు ఉన్నట్టు అది నమ్ముతుంది. కంటైనర్‌కు అవేవీ లేవు. అది హోస్ట్ కెర్నెల్ మీదే నడిచే మామూలు ప్రాసెస్, కళ్లకు గంతలు కట్టిన ప్రాసెస్. నెట్‌వర్క్ విషయంలో ఆ గంతల పేరు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్. 2008 జనవరిలో విడుదలైన లినక్స్ 2.6.24 కెర్నెల్‌లో ఇది రూపుదిద్దుకోవడం మొదలైంది. వీఈత్ అనే జంట పరికరం కూడా అదే విడుదలలో వచ్చింది. దాన్ని ఒక తీగ అనుకోవచ్చు. ఒక కొస కంటైనర్ నేమ్‌స్పేస్‌లో, రెండో కొస హోస్ట్‌లోని బ్రిడ్జికి ఉంటుంది. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ బృందం బయటపెట్టిన డాకర్ ఈ రెండిటినీ కలిపి, సొంత బ్రిడ్జిని కట్టి, దాని ముందు నాట్ పెట్టి, ఒక్క ఆదేశంతో నడిచేలా చేసింది. కంటైనర్ల బ్రిడ్జికి నిజమైన కార్డు తగిలించి ఉండదు. అంటే వర్చువల్ మెషిన్ల బ్రిడ్జికీ దీనికీ పేరు ఒకటే, పని వేరు. చాలామంది తికమకపడేది ఇక్కడే.

కంటైనర్లనూ ఇంటి నెట్‌వర్క్‌లోకే నేరుగా తేవచ్చు కదా అన్న ఆలోచనకు జవాబు మ్యాక్‌వీలాన్. ఒకే కార్డు మీద అనేక మ్యాక్ చిరునామాలు పుట్టించి ఒక్కో కంటైనర్‌కు ఒకటి ఇస్తారు. ఇంట్లోని ఫోన్లూ టీవీలూ దాన్ని వెంటనే గుర్తుపడతాయి. మొదటి అరగంట అద్భుతంగా అనిపిస్తుంది. తర్వాత తెలిసేదేమిటంటే ఇంట్లో అందరూ ఆ కంటైనర్‌తో మాట్లాడగలరు, దాన్ని మోస్తున్న హోస్ట్ తప్ప. హోస్ట్ పంపిన ప్యాకెట్ కార్డు దాటి తీగలోకి వెళ్లిపోతుంది. అవతలి స్విచ్ ఒక పోర్ట్‌లోంచి వచ్చినదాన్ని తిరిగి అదే పోర్ట్‌లోకి పంపదు. హోస్ట్‌కు కూడా ఒక మ్యాక్‌వీలాన్ పరికరం తయారు చేసి దాని మీదుగా దారి వేస్తే ఇది తీరుతుంది. కానీ ఆ పని చేయడమంటే చేతితో రూట్ రాయడమే. ఎలాగూ రూట్ రాయాల్సి వచ్చినప్పుడు అసలు రూటింగే చేయవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. పైగా రోజుకు పదిసార్లు పుట్టి పోయే కంటైనర్లు ఇంటి డీహెచ్‌సీపీ వరుసలో చిరునామాల కోసం పోటీ పడతాయి. డాకర్ తన చిరునామాలను తానే పంచుతుంది, రౌటర్‌ను అడగదు. ఇద్దరు పంపిణీదారులు ఒకే వరుసలోంచి పంచితే ఏదో ఒకరోజు టీవీకీ కంటైనర్‌కూ ఒకే చిరునామా వస్తుంది.

రూటింగ్: ఒక్క వాక్యం

కంటైనర్లకు వేరే ఇంటిపేరు ఇచ్చి, ఆ ఇంటిపేరువాళ్లు ఫలానా యంత్రం వెనక ఉంటారని రౌటర్‌కు చెప్పడమే రూటింగ్. హోస్ట్ చిరునామా 192.168.1.20 అనీ, కంటైనర్ల నెట్‌వర్క్ 10.60.5.0/24 అనీ అనుకుంటే, రౌటర్ పట్టికలో చేర్చాల్సింది ఒక్క వాక్యం: 10.60.5.0/24కు వెళ్లేవి 192.168.1.20కి ఇవ్వు. హోస్ట్‌లో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేయాలి, ఆ వరుసకు నాట్ తీసేయాలి, ఫైర్‌వాల్‌లో ఎవరు ఎవరిని చేరవచ్చో రాయాలి. డాకర్ ఇటీవలి వెర్షన్లలో బ్రిడ్జి నెట్‌వర్క్‌కు రూటెడ్ అనే గేట్‌వే పద్ధతిని ఇందుకే చేర్చారు. 2025లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి పబ్లిష్ చేయని పోర్ట్‌లకు బయటి యంత్రాల నుంచి నేరుగా వచ్చే ప్యాకెట్లను మామూలు నాట్ నెట్‌వర్క్‌లలో అడ్డుకుంటున్నారు కాబట్టి ఈ ఎంపికను స్పష్టంగా చేయాల్సి ఉంటుంది. ఆ తర్వాత ఫోన్ నుంచి కంటైనర్‌కూ, వర్చువల్ మెషిన్ నుంచి కంటైనర్‌కూ, కంటైనర్ నుంచి ప్రింటర్‌కూ ప్యాకెట్లు అసలు చిరునామాలతోనే తిరుగుతాయి. లాగ్‌లలో ఎవరు వచ్చారో ఉన్నదున్నట్టు కనబడుతుంది.

రూటింగ్‌కు తనదైన ఒక చిక్కుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఫోన్ నుంచి కంటైనర్‌కు ప్యాకెట్ రౌటర్ మీదుగా హోస్ట్‌కు వెళుతుంది. జవాబు వచ్చేటప్పుడు, ఫోన్ ఇంటిపేరు తనదే కాబట్టి హోస్ట్ రౌటర్‌ను దాటవేసి నేరుగా ఫోన్‌కే ఇచ్చేస్తుంది. రౌటర్ సగం సంభాషణే వింటుంది. సంభాషణలను గుర్తుపెట్టుకునే రౌటర్‌లోని ఫైర్‌వాల్ కఠినంగా ఉంటే, మొదలు చూసి జవాబు చూడని కనెక్షన్‌ను అనుమానించి తర్వాతి ప్యాకెట్లను ఆపేయవచ్చు. పింగ్ పనిచేస్తుంది, వెబ్ పేజీ తెరుచుకోదు. ఈ లక్షణం కనిపిస్తే కారణం ఇదేనని అనుమానించాలి. దీనికి శుభ్రమైన పరిష్కారం సర్వర్‌ను వేరే వీలాన్‌లో, అంటే అవే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్‌లో పెట్టడం, అప్పుడు రాకపోకలు రెండూ రౌటర్ మీదుగానే జరుగుతాయి. రెండోది, డీహెచ్‌సీపీలోని 121వ ఆప్షన్ ద్వారా ఆ రూట్‌ను పరికరాలకే ముందుగా చెప్పేయడం. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3442 దీన్ని నిర్వచించింది, కానీ కొన్ని పరికరాలు దాన్ని పట్టించుకోవు. ఈ చిక్కు కూడా తిరుగు దారి చిక్కేనన్నది గమనించాలి. తేడా ఏమిటంటే ఇక్కడ అది బయటే ఉంది, కాగితం మీద గీసి చూస్తే తెలిసిపోతుంది.

పెద్ద డేటా కేంద్రాల అనుభవం ఈ వాదనను బలపరుస్తుంది. అనేక సర్వర్ల మీద కంటైనర్లను నడపడానికి గూగుల్ 2014లో బయటపెట్టిన కుబర్నెటీస్ మొదటినుంచీ పట్టుబట్టిన నియమం, ప్రతి పాడ్‌కూ (కలిసి నడిచే కంటైనర్ల గుంపుకూ) సొంత ఐపీ చిరునామా ఉండాలనీ, పాడ్‌లు ఒకదాన్నొకటి నాట్ లేకుండా చేరాలనీ. దాని కోసం వచ్చిన ఫ్లానెల్ సాఫ్ట్‌వేర్‌లో హోస్ట్-గేట్‌వే అనే పద్ధతి పైన చెప్పిన ఒక్క వాక్యాన్నే ప్రతి సర్వర్‌లోనూ రాస్తుంది. కాలికో అదే పనిని, రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ పద్ధతితో చేస్తుంది. వేల కంటైనర్లు నడిపేవాళ్లు పోర్ట్ నంబర్ల చిట్టాలతో వేగలేక రూటింగ్‌కు వచ్చారు. ఇంట్లో పన్నెండు కంటైనర్లే కదా అనవచ్చు. నిజమే, కానీ డేటా కేంద్రంలో ఆ చిట్టాలు చూసుకోవడానికి జీతం తీసుకునే మనుషులుంటారు, ఇంట్లో ఉండరు.

ఒకే పట్టికలో ఇద్దరు రాతగాళ్లు

డాకర్, కేవీఎం ఒకే హోస్ట్ మీద ఉన్నప్పుడు వచ్చే ఒక ప్రసిద్ధ వైఫల్యం ఈ విషయానికి మంచి రుజువు. వర్చువల్ మెషిన్ బ్రిడ్జి మీద హాయిగా నడుస్తుంటుంది. డాకర్ ఇన్‌స్టాల్ చేస్తారు. మెషిన్‌కు నెట్‌వర్క్ పోతుంది. ఎవరూ దాని అమరికలను తాకలేదు. జరిగేది ఇది: డాకర్ తన నాట్ కోసం ఐపీ ఫార్వర్డింగ్‌ను తానే ఆన్ చేయాల్సి వచ్చినప్పుడు, హోస్ట్ అందరికీ రౌటర్‌గా మారిపోకుండా జాగ్రత్తగా, ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దాటే ప్యాకెట్లను చూసే ఫార్వర్డ్ గొలుసు (ఫైర్‌వాల్ నియమాల వరుస) విధానాన్ని 'పారేయి'గా మారుస్తుంది. 2017 జనవరిలో వచ్చిన 1.13 వెర్షన్ నుంచి ఇది అలవాటు. మరోవైపు బీఆర్-నెట్‌ఫిల్టర్ అనే కెర్నెల్ మాడ్యూల్ లోడైతే, బ్రిడ్జి మీద పోయే ఫ్రేమ్‌లను కూడా లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్ గొలుసుల్లోకి పంపుతుంది. మామూలుగా బ్రిడ్జి ట్రాఫిక్ ఐపీ ఫైర్‌వాల్‌ను తాకాల్సిన పనిలేదు. ఈ రెండూ కలిసినప్పుడు వర్చువల్ మెషిన్ ప్యాకెట్లు తమకు సంబంధం లేని గొలుసులోకి వచ్చి చచ్చిపోతాయి. తప్పు ఎవరిది? విడిగా చూస్తే ఎవరిదీ కాదు. నాట్ నడపడానికి ప్రతి సాధనమూ హోస్ట్ మొత్తానికి ఉమ్మడి అయిన పట్టికలో రాయాలి, పక్కవాడు ఏం రాశాడో దానికి తెలియదు. లిబ్‌వర్ట్ కూడా తన 192.168.122.0/24 వరుస కోసం అదే పట్టికలో తన నియమాలు రాస్తుంది, బయటినుంచి కొత్తగా వచ్చేవాటిని తిరస్కరిస్తుంది. అందుకే నాట్ మీద ఉన్న వర్చువల్ మెషిన్, నాట్ మీద ఉన్న కంటైనర్ ఒకే పెట్టెలో ఉండి కూడా కలవవు. బ్రిడ్జి మీది ట్రాఫిక్‌ను ఫైర్‌వాల్ గొలుసుల నుంచి తప్పించడం, లేదా డాకర్-యూజర్ అనే గొలుసులో అనుమతి రాయడం దీనికి మందు.

అభ్యంతరాలు

నాట్ తీసేస్తే భద్రత పోతుందన్నది అందరికంటే ముందు వినబడే అభ్యంతరం. లోపలివాళ్లను బయటివాళ్లు ముందుగా పలకరించలేకపోవడం ఒక రక్షణలాగే కనిపిస్తుంది. అయితే అది చిట్టాలో పేరు లేకపోవడం వల్ల అనుకోకుండా దొరికే ఫలితం, ఎవరో ఆలోచించి పెట్టిన కాపలా కాదు. డాకరే దీనికి ఎదురు ఉదాహరణ. ఉబుంటూలో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌తో అన్ని పోర్ట్‌లూ మూసేశామని నమ్మినవాళ్లు, డాకర్ పబ్లిష్ చేసిన పోర్ట్ బయటికి తెరిచే ఉందని చూసి నిర్ఘాంతపోతుంటారు. చిరునామా మార్పిడి ముందే జరిగిపోయి, ప్యాకెట్ హోస్ట్‌కు వచ్చేవాటిని చూసే ఇన్‌పుట్ గొలుసును తాకకుండా ఫార్వర్డ్ వైపు వెళ్లిపోవడమే కారణం. అంటే నాట్ ఇక్కడ కాపలాదారుణ్ణి తప్పించే దొడ్డిదారి అయింది. అసలైన రక్షణ వడపోతలో ఉంది: కెమెరాలూ స్మార్ట్ బల్బులూ ఒక వీలాన్‌లో, సర్వర్లు ఇంకోదాంట్లో పెట్టి, మధ్య ఏవి వెళ్లవచ్చో రౌటర్‌లో రాయడం. అసలు చిరునామాలు కనిపిస్తేనే అలాంటి నియమాలు రాయగలం. అందరూ ఒకే కేరాఫ్‌తో వస్తే కాపలావాడు ఎవరిని ఆపాలి? ఇంటికీ ఇంటర్నెట్‌కూ మధ్య రౌటర్‌లో ఉండే ఒక్క నాట్‌ను ఎవరూ తీయమనడం లేదు.

రెండో అభ్యంతరం బలమైనది. ప్రొవైడర్లు ఇచ్చే చాలా రౌటర్లలో స్టాటిక్ రూట్ రాసే వీలుండదు, ఉన్నా లోతుగా దాక్కుని ఉంటుంది. ఓపెన్‌వర్ట్ వంటి సాఫ్ట్‌వేర్ నడిపే రెండో రౌటర్‌ను దాని వెనక పెట్టడం ఒక మార్గం. అలా చేస్తే నాట్ మరో పొర పెరుగుతుందన్న మాట నిజమే కానీ, అది గడప దగ్గర పెరిగిన పొర, లోపలి గదుల మధ్య కాదు. అదీ కుదరనివాళ్లకు ఈ వ్యాసం సూచించే అమరిక పూర్తిగా సాధ్యం కాదు. వాళ్లు వర్చువల్ మెషిన్‌ను బ్రిడ్జి మీద పెట్టి, కంటైనర్లను ఆ మెషిన్ లోపలో లేదా హోస్ట్‌లోనో నాట్ వెనకే ఉంచి, ముందు, వచ్చిన ప్రశ్నలను సరైన సేవకు చేర్చే ఒక రివర్స్ ప్రాక్సీని 80, 443 పోర్ట్‌లలో నిలబెట్టవచ్చు. నిజం చెప్పాలంటే బ్రౌజర్‌లో తెరిచే సేవలకు ఇదే చాలు. ప్రాక్సీ అసలు చిరునామాను ఒక హెడర్‌లో చేరవేస్తుంది కాబట్టి లాగ్‌ల బాధ కూడా తగ్గుతుంది.

చాలనిది ఎక్కడంటే, పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే చోట. హోమ్ అసిస్టెంట్ బల్బులను కనుక్కోవడానికి వాడే ఎండీఎన్‌ఎస్ 224.0.0.251 అనే మల్టీకాస్ట్ చిరునామాకు 5353వ పోర్ట్‌లో అడుగుతుంది. మీడియా సర్వర్లను టీవీలు వెతికేది 239.255.255.250కి 1900వ పోర్ట్‌లో. ఈ పిలుపులు ఒకే ఇంటిపేరువాళ్లకే వినిపిస్తాయి. నాట్ వాటిని దాటించదు, రూటింగ్ కూడా దాటించదు. ఈ విషయంలో రూటింగ్‌కు నాట్ మీద పైచేయి ఏమీ లేదని ఒప్పుకోవాలి. అందుకే ఇలాంటి సేవలను బ్రిడ్జి మీది వర్చువల్ మెషిన్‌లో పెట్టడం, లేదా ఆ ఒక్క కంటైనర్‌ను హోస్ట్ నెట్‌వర్క్‌లోనే నడపడం తెలివైన పని. అన్ని కంటైనర్లకూ ఒకే వైద్యం అక్కర్లేదు.

ఇంటిపేర్ల తగాదా

పోరంబోకు నంబర్ల హద్దుల తగాదా ఇప్పుడు చెప్పుకోవాలి. డాకర్ కొత్త నెట్‌వర్క్ తయారు చేసిన ప్రతిసారీ 172.17 నుంచి 172.31 వరకు ఒక్కో /16ను తీసుకుంటుంది. అవి అయిపోతే 192.168 వరుసను /20 ముక్కలుగా కోస్తుంది. ఒక్క /16లో 65,536 చిరునామాలుంటాయి, నాలుగు కంటైనర్ల కోసం అంత స్థలం ఆక్రమిస్తుంది. ఆఫీసు వీపీఎన్ 172.20 వరుసలో ఉంటే, ఇంట్లో నాలుగో డాకర్ నెట్‌వర్క్ పుట్టిన రోజున ఆఫీసు సర్వర్ కనిపించకుండా పోవచ్చు. ఇంటికి దగ్గరి ఇంటిపేరే ముందు వినబడుతుంది మరి. భారత్‌లో జియోఫైబర్ రౌటర్ 192.168.29.1 వంటి కొంచెం అరుదైన అంకెతో వస్తుంది. 192.168.0, 192.168.1 వాడే రౌటర్లే ఎక్కువ. రెండిళ్లను వైర్‌గార్డ్ వీపీఎన్‌తో కలపాలనుకుంటే, హైదరాబాదులో తల్లిదండ్రుల ఇంట్లోనూ డాలస్‌లో కొడుకు ఇంట్లోనూ 192.168.1.0/24 ఉంటే రూటింగ్ అసాధ్యం, ఎవరో ఒకరు ఇంటిపేరు మార్చుకోవాలి. ముందే 10.0.0.0/8లో ఎక్కడో మధ్యలో ఒక అంకె ఎంచుకుని, డాకర్ వాడే వరుసలను దాని అమరికల ఫైల్లో /24లుగా కట్టడి చేస్తే ఈ తగాదా రాదు. టెయిల్‌స్కేల్ వీపీఎన్ 100.64.0.0/10లోంచే చిరునామాలు ఇస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి, ప్రొవైడర్ నాట్ వాడేదీ అదే వరుస కాబట్టి.

పేర్ల విషయం పొట్టిగా. డాకర్ తన కంటైనర్ల పేర్లకు 127.0.0.11 దగ్గర సొంత డీఎన్‌ఎస్ నడుపుతుంది, అయితే మనం తయారు చేసిన నెట్‌వర్క్‌లలోనే, మొదటినుంచీ ఉన్న బ్రిడ్జి మీద కాదు. ఇంటి మొత్తానికి పేర్లు పెట్టుకోవడానికి 2018 మేలో ఆర్‌ఎఫ్‌సీ 8375 హోమ్.ఆర్పా అనే డొమైన్‌ను కేటాయించింది.

ఐపీవీ6

పైన చెప్పినదంతా ఐపీవీ4 కొరత నుంచి పుట్టిన కథ. ఐపీవీ6లో చిరునామా 128 బిట్లు, ప్రతి కంటైనర్‌కూ ప్రపంచమంతా చేరగల చిరునామా ఇచ్చినా తరగవు. ప్రొవైడర్ ఒక చిరునామా వరుసను ఇంటికే అప్పగించే ప్రిఫిక్స్ డెలిగేషన్ ద్వారా /56 ఇస్తే ఇంట్లో 256 వేర్వేరు /64 నెట్‌వర్క్‌లు పెట్టుకోవచ్చు: ఒకటి ఫోన్లకు, ఒకటి వర్చువల్ మెషిన్లకు, ఒకటి కంటైనర్లకు. నాట్ ఊసే ఉండదు, రూటింగ్ ఒక్కటే మిగులుతుంది. ప్రొవైడర్ ఇంటికి ఒకే ఒక్క /64 ఇచ్చినచోట మాత్రం కథ మళ్లీ మొదటికి వస్తుంది. చిరునామాలను పరికరాలే పుట్టించుకునే ఎస్‌ఎల్‌ఏఏసీ పద్ధతి /64కంటే చిన్న నెట్‌వర్క్‌లో పనిచేయదు, కాబట్టి ఆ ముక్కను ఇంకా కోసి కంటైనర్లకు ఇవ్వడం కష్టం. అప్పుడు హోస్ట్ తన వెనకున్న కంటైనర్ల తరఫున తానే జవాబిచ్చే ఎన్‌డీపీ ప్రాక్సీని ఆశ్రయించాలి, లేదా కంటైనర్లకు ఎఫ్‌డీతో మొదలయ్యే ప్రైవేటు చిరునామాలిచ్చి ఐపీవీ6కు కూడా నాట్ పెట్టాలి. కోటానుకోట్ల చిరునామాలు చేతిలో ఉండి కూడా కేరాఫ్ రాయాల్సిన పరిస్థితి అది. ప్రొవైడర్ మార్చే ముందు వేగం ఎంతో అడిగినట్టే, ఎంత పొడవు ప్రిఫిక్స్ ఇస్తారో కూడా అడగాలి.